మహా సూపర్‌నోవాల గుట్టు అతినీలలోహిత కాంతిలోనే

కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చింది. దాన్ని అక్కడే ఎందుకు పెట్టారో సీమవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఏడాదిలో చాలా రోజులు మబ్బు తునక కనబడని ఆకాశం, మాడు పగలగొట్టే ఎండ. పక్కనున్న అనంతపురంలో ఏటా పడే సగటు వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం ఇక్కడ అతినీలలోహిత సూచీ 11 దాటడం మామూలే. ఆ అంకె దాటిందంటే అత్యంత ప్రమాదకర స్థాయి కింద లెక్క. ఇంత ఎండ కాస్తున్నా, సూర్యుడి నుంచి బయల్దేరిన అతినీలలోహిత కాంతిలో పొట్టి తరంగాలు ఈ నేలను తాకనే తాకవు. సుమారు 290 నానోమీటర్ల కన్నా పొట్టివాటిని ఓజోన్ పొర, ఇంకా పొట్టివాటిని ఆక్సిజన్ పైపైనే మింగేస్తాయి.

ఒంటికి అది మేలే. నక్షత్రాల పేలుళ్లను చదివేవాళ్లకే చిక్కు. ఆకాశం తేటగా ఉండే అనంతపురంలో ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా ఈ చిక్కు తీరదు. లడఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దానికీ ఇదే ఇబ్బంది. ఓజోన్‌లో ఎక్కువ భాగం 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో పరుచుకుని ఉంటే, నాలుగున్నర కిలోమీటర్లు ఎక్కి ఏం లాభం? ఈ కాంతి కావాలంటే వాతావరణం దాటి పైకి పోవాల్సిందే. సూపర్‌నోవాలన్నిట్లోకీ అత్యంత కాంతిమంతమైనవాటి విషయంలో ఇది ఉంటే బాగుణ్ను అనుకునే అదనపు సౌకర్యం కాదు. అసలు పేలిందేమిటో తేల్చడానికి కావాల్సిన ముఖ్యమైన సాక్ష్యమే ఈ కాంతిలో ఉంది.

ముందు ఈ పేలుళ్ల స్థాయి ఏమిటో చూడాలి. మామూలు సూపర్‌నోవా అంటేనే కొన్ని వారాల పాటు తన గెలాక్సీతో పోటీపడి వెలిగే పేలుడు. గత ఇరవై ఏళ్లలో బయటపడిన అతిప్రకాశ సూపర్‌నోవాలు దానికన్నా పది నుంచి వంద రెట్లు ఎక్కువ వెలుగుతాయి. నిరపేక్ష ప్రకాశ పరిమాణం (అంకె ఎంత తగ్గితే అసలు వెలుగు అంత ఎక్కువని చెప్పే కొలత) మైనస్ 21ని మించితే ఈ కోవలో వేయడం మొదట్లో వాడుక. తర్వాత ఆ గీత అంత కచ్చితమైనది కాదని, వర్ణపటాన్ని (వెలుగును తరంగాల వారీగా విడదీసిన పట్టీని) బట్టి తేల్చడమే నయమని చాలామంది అభిప్రాయానికి వచ్చారు. ఇలాంటి ఒక్క పేలుడు కొద్ది నెలల్లో వెలుగు రూపంలో వదిలే శక్తి, మన సూర్యుడు తన వెయ్యి కోట్ల సంవత్సరాల జీవితంలో వదిలే మొత్తం శక్తికి దాదాపు సమానం. అయితే ఇవి బహు అరుదు. పెద్ద నక్షత్రాలు కూలి పేలే ఘటనలు కొన్ని వేలు జరిగితే అందులో ఒకటి ఇలాంటిది ఉంటుంది.

వీటిని గుర్తించిన కథలోనే అతినీలలోహిత కాంతి పాత్ర ఉంది. 2006లో హబుల్ టెలిస్కోప్, స్వాతి నక్షత్రం ఉండే బూటీస్ మండలం వైపు ఒక వింత వెలుగును పట్టింది. దానికి ఎస్‌సీపీ 06ఎఫ్6 అని పేరు పెట్టారు. సుమారు వంద రోజులు పెరిగి, దాదాపు అంతే తీరుగా తగ్గింది. చుట్టూ గెలాక్సీ ఏదీ కనబడలేదు. వర్ణపటం తీస్తే వెడల్పాటి నల్లటి పట్టీలు కొన్ని కనిపించాయి, అవి ఏ మూలకానివో ఎవరికీ అంతుపట్టలేదు. దూరం తెలియదు కాబట్టి అది మన పాలపుంతలోదో, విశ్వం అవతలి అంచుదో కూడా చెప్పలేని పరిస్థితి. అంతకుముందే 2005లో సూపర్‌నోవాలను వెతికే టెక్సస్ సర్వేలో రాబర్ట్ క్వింబీ కనిపెట్టిన ఎస్‌ఎన్ 2005ఏపీ కూడా ఇలాగే ఒంటరిగా, ఏ వర్గంలోనూ ఇమడకుండా ఉండిపోయింది.

2009లో మొదలైన పాలోమార్ సర్వేలో మరికొన్ని ఇలాంటివే దొరికాక ముడి వీడింది. కొత్తవాటి గెలాక్సీల్లోని మెగ్నీషియం గీతల వల్ల వాటి దూరాలు తెలిశాయి. దూరం తెలియగానే, వాటి వర్ణపటంలోని అతినీలలోహిత పట్టీలు ఎక్కడ ఉండాలో తెలిసింది. ఆ పట్టీలనే 2.19 రెట్లు సాగదీసి చూస్తే 06ఎఫ్6 వర్ణపటం మీద సరిగ్గా కూర్చున్నాయి. అంటే ఆ వింత పట్టీలు దృశ్యకాంతిలో పుట్టినవి కావు. అతినీలలోహితంలో పుట్టి, విశ్వ విస్తరణ వల్ల సాగి, దృశ్యకాంతిగా మారి మన దగ్గరికి వచ్చాయి. 2011లో క్వింబీ బృందం వీటన్నిటినీ కలిపి ఒకే వర్గంగా ప్రకటించింది. వాటిలో హైడ్రోజన్ జాడ లేదు, అతినీలలోహితంలో మాత్రం అసాధారణంగా వెలుగుతున్నాయి. పాలోమార్ సర్వేకు దొరికిన ఒకదాన్ని నాసా స్విఫ్ట్ ఉపగ్రహం అదే సమయంలో చూసి పెట్టడం ఈ నిర్ధారణకు బాగా పనికొచ్చింది. ఒక కొత్త జాతి పేలుడును గుర్తుపట్టడానికి ముందు దాని అతినీలలోహిత ముఖం తెలియాల్సి వచ్చిందన్న మాట.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం తప్పదు. వేడి వస్తువు ఏ రంగులో ఎక్కువ వెలుగుతుందో దాని ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. సూర్యుడి ఉపరితలం సుమారు 5,800 కెల్విన్లు కాబట్టి దాని వెలుగు 500 నానోమీటర్ల దగ్గర, దృశ్యకాంతి నడిమధ్యన శిఖరం చేరుతుంది. హైడ్రోజన్ లేని అతిప్రకాశ సూపర్‌నోవా ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు దాని ఉపరితలం 15,000 కెల్విన్ల దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడు శిఖరం 193 నానోమీటర్లకు జరుగుతుంది. నేల మీది టెలిస్కోప్ చూసేది శిఖరాన్ని కాదు, దాని అవతలి వాలును. చిక్కేమిటంటే ఆ వాలు 15,000 కెల్విన్లకైనా, 25,000 కెల్విన్లకైనా దాదాపు ఒకేలా ఉంటుంది. దృశ్యకాంతిలో, 500 నానోమీటర్ల దగ్గర, ఈ రెండూ ఒకే వెలుగు ఇస్తున్నాయనుకుందాం. లెక్క కడితే రెండోదాని మొత్తం శక్తి మొదటిదానికి దాదాపు మూడు రెట్లు వస్తుంది. మూడు రెట్ల తేడా అంటే చిన్న విషయం కాదు. ఆ పేలుడును నడిపిస్తున్న యంత్రం ఏదన్న నిర్ణయమే అక్కడ తారుమారవుతుంది.

ఆ యంత్రం ఏదన్న దాని మీదే ఇప్పటికీ వాదన. మామూలు సూపర్‌నోవాలు వారాల తరబడి వెలగడానికి ఇంధనం రేడియోధార్మిక నికెల్-56. అది సుమారు ఆరు రోజుల అర్ధాయుష్షుతో కోబాల్ట్‌గా, ఆ కోబాల్ట్ 77 రోజుల అర్ధాయుష్షుతో ఇనుముగా మారుతూ వేడినిస్తుంది. 1987లో పేలిన ఎస్‌ఎన్ 1987ఏలో తయారైన నికెల్ సూర్యుడి ద్రవ్యరాశిలో 0.07 వంతు మాత్రమే. అతిప్రకాశ సూపర్‌నోవాను నికెల్ ఒక్కదానితోనే వెలిగించాలంటే చాలా సందర్భాల్లో సూర్యుడికి ఎన్నో రెట్ల బరువైన నికెల్ కావాలి. కొన్నిట్లో అయితే పేలుడులో బయటికి ఎగిసిన మొత్తం పదార్థం కన్నా నికెలే ఎక్కువ ఉండాలన్న అసంబద్ధమైన లెక్క తేలుతుంది.

అందుకని వేరే దారులు వెతికారు. ఒకటి, జంట అస్థిరత. సూర్యుడికి 140 నుంచి 260 రెట్ల బరువున్న నక్షత్రం గర్భంలో వేడి ఎంత పెరుగుతుందంటే గామా కిరణాలు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలుగా మారిపోతాయి. నక్షత్రాన్ని నిలబెట్టే ఒత్తిడి తగ్గి అది కూలుతుంది, వెంటనే అణుదహనం చెలరేగి మొత్తం చిందరవందరవుతుంది, న్యూట్రాన్ నక్షత్రం గానీ కృష్ణబిలం గానీ మిగలదు. ఇందులో నికెల్ గంపెడు తయారవుతుంది. రెండోది, నక్షత్రం పేలకముందే ఏళ్ల తరబడి వదిలేసిన వాయుపొరలను పేలుడు పదార్థం వెళ్లి గుద్దుకోవడం. 2006లో కనబడిన ఎస్‌ఎన్ 2006జీవైకి ఇదే సరైన వివరణ అని చాలామంది ఒప్పుకుంటారు. అందులో హైడ్రోజన్ ఉంది, పరిసరాల్లోని వాయువు గుర్తులూ ఉన్నాయి. మూడోది మాగ్నెటార్. పేలుడులో పుట్టిన న్యూట్రాన్ నక్షత్రం సెకనుకు వందలసార్లు తిరుగుతూ, భూమి క్షేత్రానికి లక్షల కోట్ల రెట్ల అయస్కాంత బలంతో ఆ తిరుగుడు శక్తిని చుట్టూ ఉన్న పదార్థంలోకి దింపుతుంది. 2010లో కేసన్, బిల్డ్‌స్టెన్ ఒకవైపు, వూస్లీ మరోవైపు ఈ నమూనాను వివరంగా లెక్కగట్టారు. హైడ్రోజన్ లేని రకానికి ప్రస్తుతం ఎక్కువమంది మొగ్గు దీనివైపే.

మాగ్నెటార్ నమూనాకు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. అందులో తిరుగుడు వేగం, అయస్కాంత బలం, పదార్థపు బరువు అని మూడు మీటలున్నాయి. ఆ మూడిటినీ కాస్త అటూ ఇటూ తిప్పితే దాదాపు ఎలాంటి వెలుగు వక్రరేఖనైనా పుట్టించవచ్చు. అన్నిటికీ సరిపోయే నమూనా ఏదీ నిరూపించినట్టు కాదు. అందుకే వెలుగు ఎంత పెరిగింది, ఎన్ని రోజుల్లో తగ్గింది అనే లెక్కలతో ఆగకుండా, ఆ పదార్థంలో ఏముందో నేరుగా చెప్పే సాక్ష్యం కావాలి. అదిగో, అక్కడే అతినీలలోహిత వర్ణపటం పనికొస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ 2016 మే నెలలో గాయా ఉపగ్రహం కనిపెట్టిన గాయా16ఏపీడీ. వంద కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో, ఒక మసక మరుగుజ్జు గెలాక్సీలో పేలింది. అతిప్రకాశ సూపర్‌నోవాల్లో ఇది మనకు బాగా దగ్గరిదే. దగ్గరిది కావడం వల్ల హబుల్ టెలిస్కోప్‌తో దాని అతినీలలోహిత వర్ణపటాలు తీయగలిగారు. ఫలితం చూసి నిపుణులే ఆశ్చర్యపోయారు. ఆ పేలుడు మొత్తం వెలుగులో సగం 100 నుంచి 250 నానోమీటర్ల మధ్యే వస్తోంది. మామూలు సూపర్‌నోవాల వర్ణపటాల పక్కన పెట్టి చూస్తే, బాగా పొట్టి తరంగాల దగ్గర తేడా పదుల నుంచి వందల రెట్లు.

ఇంత తేడా ఎందుకు? ఇనుము, కోబాల్ట్, నికెల్ వంటి మూలకాలకు అతినీలలోహితంలో వేలకొద్దీ శోషణ గీతలుంటాయి. అవి దగ్గర దగ్గరగా పేర్చుకుని, ఎండాకాలం కిటికీకి గోనెపట్టా కట్టినట్టు, లోపలి వెలుగును అడ్డుకుంటాయి. ఇనుము దండిగా ఉండే మామూలు టైప్ ఐఏ సూపర్‌నోవాలు అతినీలలోహితంలో మసకగా ఉండటానికి కారణం ఇదే. గాయా16ఏపీడీలో ఆ అడ్డు బాగా తక్కువ. అంటే బయటి పొరల్లో ఇనుప కోవ మూలకాలు చాలా తక్కువ ఉండాలి. అవి రెండు దారుల్లోనే రాగలవు. ఒకటి, నక్షత్రం పుట్టుకతో తెచ్చుకున్నవి. రెండు, పేలుడులో కొత్తగా తయారై పైకి కలిసినవి. రెండూ తక్కువే కాబట్టి నక్షత్రం పుట్టిన చోట లోహాలు (ఖగోళ శాస్త్రంలో హైడ్రోజన్, హీలియం కన్నా బరువైన మూలకాలన్నీ లోహాలే) తక్కువ, కొత్తగా తయారైన నికెల్ పైపొరల దాకా రాలేదు. గంపెడు నికెల్ తయారయ్యే భారీ జంట అస్థిరత నమూనాకు ఇది గట్టి ఎదురుదెబ్బ. దృశ్యకాంతి ఎన్ని నెలలు చూసినా ఇంత సూటిగా ఈ మాట చెప్పలేదు.

ఒక్క పేలుడుతో సూత్రం కట్టేయకూడదు నిజమే. ఆ మరుసటి ఏడాది, 2017 మేలో, ఎన్‌జీసీ 3191 గెలాక్సీలో ఎస్‌ఎన్ 2017ఈజీఎం కనబడింది. సుమారు 42 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, అప్పటికి ఈ వర్గంలో అన్నిటికన్నా దగ్గరిది. దాని ఇల్లు మరుగుజ్జు గెలాక్సీ కాదు, లోహాలు నిండుగా ఉన్న పెద్ద సర్పిల గెలాక్సీ. లోహాలు తక్కువున్న చోటే ఇలాంటివి పేలతాయన్న నమ్మకానికి అది ఒక గండి. ఇలాంటివి ఇంకో నాలుగైదు దగ్గర్లో దొరికి, అన్నిటికీ అతినీలలోహిత వర్ణపటాలు ఉంటే తప్ప లోహాల పాత్ర తేలదు.

అతినీలలోహితం తీర్పు మార్చేసిన కేసు ఇంకొకటి ఉంది. 2015 జూన్‌లో ఏఎస్‌ఏఎస్-ఎస్‌ఎన్ అనే, సూపర్‌నోవాల కోసం ఆకాశమంతా గాలించే సర్వే 380 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక పేలుడును పట్టింది. దాని పేరు ఏఎస్‌ఏఎస్‌ఎస్‌ఎన్-15ఎల్‌హెచ్. ఉచ్చస్థితిలో దాని వెలుగు 57 వేల కోట్ల సూర్యులకు సమానం. చరిత్రలోనే అత్యంత ప్రకాశవంతమైన సూపర్‌నోవా అని 2016 జనవరిలో ప్రకటించారు, వార్తల్లోనూ హోరెత్తింది. ఆ తర్వాతే అనుమానాలు మొదలయ్యాయి. దాని గెలాక్సీ కొత్త నక్షత్రాలు పెద్దగా పుట్టని ముసలి, భారీ గెలాక్సీ. ఇలాంటి పేలుళ్లకు అది నప్పే చోటు కాదు. పైగా పేలుడు సరిగ్గా గెలాక్సీ నడిబొడ్డున జరిగింది.

అసలు మెలిక స్విఫ్ట్ చూపించింది. ఉచ్చస్థితి దాటి రెండు నెలలయ్యాక, దృశ్యకాంతిలో పెద్ద మార్పు లేకుండానే, అతినీలలోహితంలో అది మళ్లీ వెలగడం మొదలుపెట్టింది. సూపర్‌నోవా విస్తరిస్తూ చల్లారుతుంది, కాబట్టి ముందుగా తగ్గాల్సింది అతినీలలోహితమే. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు, వస్తువు మళ్లీ వేడెక్కింది. 2016 డిసెంబరులో లెలౌడాస్ బృందం వేరే వివరణ ముందుకు తెచ్చింది. గెలాక్సీ కేంద్రంలోని కృష్ణబిలం దగ్గరికి పోయిన నక్షత్రం చీలికలు పేలికలై, ఆ పదార్థం బిలం చుట్టూ తిరుగుతూ వెలిగిందని వాళ్ల వాదన. అక్కడి బిలం సూర్యుడికి పది కోట్ల రెట్లకు మించిన బరువు. అంత బరువైన బిలం మామూలుగా సూర్యుడి లాంటి నక్షత్రాన్ని చీల్చకుండానే గుటుక్కున మింగుతుంది. అందువల్ల ఆ బిలం చాలా వేగంగా తిరుగుతూ ఉండాలని కూడా తేల్చారు. దీన్ని ఒప్పుకోని వాళ్లు ఇంకా ఉన్నారు, వాదన పూర్తిగా సద్దుమణగలేదు. అయినా స్విఫ్ట్ కొలతలు లేకపోతే ఆ ప్రశ్న ఇంత గట్టిగా లేచేదే కాదు, అత్యంత ప్రకాశవంతమైన సూపర్‌నోవా అన్న బిరుదు అలాగే నిలిచిపోయేది.

సూపర్‌నోవాల విషయంలో అతినీలలోహితానికి ఈ పెద్దరికం కొత్తది కాదు. 1987 ఫిబ్రవరి 24న మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఎస్‌ఎన్ 1987ఏ కనబడినప్పుడు ఐయూఈ అనే అతినీలలోహిత ఉపగ్రహం ఒక్క రోజు లోపే దాని వైపు తిరిగింది. 1978 నుంచి పనిచేస్తున్న, 45 సెంటీమీటర్ల అద్దమున్న చిన్న టెలిస్కోప్ అది. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే అతినీలలోహిత వెలుగు బాగా పడిపోవడం చూసింది. ఆ వెలుగు అణిగాక ఆ చోట ఏ నక్షత్రం మాయమైందో కూడా అదే తేల్చింది. మాయమైంది శాండూలిక్ -69 202 అనే నీలి మహాతార. పేలేవి ఎర్రటి మహాతారలే అనుకుంటున్న రోజుల్లో అది పెద్ద కుదుపు. (అనంతపురం అక్షాంశం నుంచి లెక్కిస్తే, ఆ ఫిబ్రవరి సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఆ పేలుడు దక్షిణ దిగంతానికి ఆరు డిగ్రీల ఎత్తులో ఉండాలి. దుమ్ము, పొగమంచు మధ్య అంత కిందనున్నదాన్ని మామూలు కంటితో చూసే అవకాశం దాదాపు లేదు.)

తర్వాతి కాలంలో ఈ పని ఎక్కువగా చేసింది స్విఫ్టే. 2004 నవంబరు 20న ప్రయోగించారు. అందులోని యూవాట్ టెలిస్కోప్ అద్దం వ్యాసం 30 సెంటీమీటర్లే. దాని బలం అద్దంలో లేదు, తిరిగే చురుకులో ఉంది. గామా కిరణాల పేలుళ్లను వెంటపడి పట్టడానికి చేసిన ఉపగ్రహం కాబట్టి, ఏ మూల కొత్త వెలుగు కనబడినా నిమిషాల్లో తిరగగలదు. ఫలానా పేలుడును చూడండని ప్రపంచంలో ఎక్కడి పరిశోధకులైనా అడగవచ్చు.

మన దగ్గర ఆస్ట్రోశాట్ ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్లింది. కడప నుంచి శ్రీహరికోట సరళరేఖలో లెక్కేస్తే 170 కిలోమీటర్ల చిల్లర. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నాయకత్వంలో తయారైన యూవిట్ అందులోని అతినీలలోహిత పరికరం. 37.5 సెంటీమీటర్ల అద్దాలతో జంట టెలిస్కోప్‌లు. 130 నుంచి 180 నానోమీటర్ల దాకా ఒక చానెల్, 200 నుంచి 300 దాకా మరొకటి. రెండోది 2018లో పనిచేయడం ఆగిపోయింది, అది నష్టమే. యూవిట్ చిత్రాల్లో స్పష్టత స్విఫ్ట్ కన్నా మెరుగు. దూరపు అతిప్రకాశ సూపర్‌నోవాను వెంటాడటానికి స్విఫ్టే తగినది గానీ, అది పేలిన గెలాక్సీలో కొత్త నక్షత్రాలు ఎక్కడెక్కడ పుడుతున్నాయో గీసి చూపడానికి యూవిట్ గట్టి పరికరం. దగ్గరి పేలుళ్లలోనూ దాని సత్తా కనబడింది. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్ బయటపడగానే యూవిట్ దాని దూర అతినీలలోహిత (అందులోనూ బాగా పొట్టి తరంగాల) వర్ణపటాన్ని పట్టింది, హాన్లే టెలిస్కోప్ దృశ్యకాంతిని చూసింది. అది అతిప్రకాశ రకం కాదు. అయినా పేలకముందు నక్షత్రం చుట్టూ దట్టమైన వాయువు పేరుకుని ఉందని ఇలాంటి తొలి రోజుల కొలతలే చెప్పాయి.

ఈ కొలతల్లో గోతులూ ఉన్నాయి. అంతరిక్ష ధూళి దృశ్యకాంతి కన్నా అతినీలలోహితాన్ని చాలా ఎక్కువగా మింగుతుంది. దారిలో ధూళి ఎంతుందో అన్న అంచనాలో చిన్న పొరపాటు జరిగితే, ఉష్ణోగ్రత వేల కెల్విన్లు తేడా వస్తుంది. రెండో గొయ్యి స్విఫ్ట్ ఫిల్టర్లలోనే ఉంది. వాటిలో రెండు, యూవీడబ్ల్యూ1, యూవీడబ్ల్యూ2 అనేవి, కాస్త పొడవైన తరంగాలను కూడా లోపలికి రానిస్తాయి. పేలుడు వేడిగా ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. చల్లారాక మాత్రం అతినీలలోహితం అనుకుని లెక్కబెట్టినదాంట్లో గణనీయమైన భాగం దృశ్యకాంతే అయ్యుంటుంది. మధ్యలోని యూవీఎం2 ఫిల్టర్‌కు ఈ లీకేజీ బాగా తక్కువ కాబట్టి అనుభవమున్నవాళ్లు ముందు దాని అంకె చూస్తారు. మూడోది గెలాక్సీ సొంత వెలుగు. కొత్త నక్షత్రాలు పుట్టే మరుగుజ్జు గెలాక్సీలు అతినీలలోహితంలో తామే వెలుగుతాయి. పేలుడు మాసిపోయాక మళ్లీ అదే చోటును ఫొటో తీసి, ఆ వెలుగును పాత కొలతల్లోంచి తీసేయాలి. ఈ తీసివేత చేయకుండా వేసిన గ్రాఫులు చివర్లో బల్లపరుపుగా కనబడతాయి, పేలుడు ఇంకా వెలుగుతోందని భ్రమ పుట్టిస్తాయి.

స్విఫ్ట్ కొలతలు అందరికీ తెరిచే ఉంటాయి, ఆస్ట్రోశాట్‌వి కొంత గడువు తర్వాత ఇస్రో డేటా కేంద్రం ద్వారా దొరుకుతాయి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే విద్యార్థి ఒక ల్యాప్‌టాప్, ఓ మోస్తరు ఇంటర్నెట్ ఉంటే పాత అతిప్రకాశ సూపర్‌నోవా ఒకదాన్ని ఎంచుకుని పై తీసివేతలన్నీ తానే చేసి చూడవచ్చు. పేలుడు చుట్టూ ఐదు ఆర్క్ సెకన్ల (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వలయం గీసి అందులోని కాంతిని లెక్కబెట్టడం, పక్కన ఖాళీ ఆకాశాన్ని కొలిచి తీసేయడం, ఆరు ఫిల్టర్ల అంకెలను ఒక కృష్ణవస్తు వక్రరేఖతో (ఫలానా ఉష్ణోగ్రత ఉన్న వేడి వస్తువు ఏ తరంగంలో ఎంత వెలుగుతుందో చూపే గీతతో) సరిపోల్చి ఉష్ణోగ్రత రాబట్టడం వంటివి ప్రాజెక్టు స్థాయి పనులే. పెద్ద టెలిస్కోప్ దగ్గర్లో లేదన్న బాధ ఈ రంగంలో అనవసరం. ఎందుకంటే కావాల్సిన టెలిస్కోప్ ఎలాగూ ఎవరి ఊళ్లోనూ ఉండదు.

ఇప్పుడు ఈ దగ్గరి పేలుళ్ల అతినీలలోహిత చిత్రాలు సేకరించడానికి తొందర ఎందుకంటే, దూరపువాటి వరద రాబోతోంది. చిలీలో 8.4 మీటర్ల అద్దంతో ఉన్న రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. అది చూసే అతిప్రకాశ సూపర్‌నోవాల్లో చాలా భాగం బాగా దూరంలో ఉంటాయి. తరంగాలు మూడు రెట్లు సాగే దూరంలో ఒకటి పేలిందంటే, దాని 200 నానోమీటర్ల వెలుగు 600 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వచ్చి పడుతుంది. అంటే నేల మీది టెలిస్కోప్ నేరుగా అతినీలలోహితాన్నే చూస్తున్నట్టు. ఆ అచ్చు దగ్గరివాటిలో ముందే తెలిసి ఉంటేనే దూరపుదాన్ని గుర్తుపట్టడం కుదురుతుంది; లేకపోతే మళ్లీ 06ఎఫ్6 లాగే వింత పట్టీలను చూస్తూ తలలు గోక్కోవాలి. ఇప్పటిదాకా మంచి అతినీలలోహిత వర్ణపటాలున్న దగ్గరి అతిప్రకాశ సూపర్‌నోవాలు కొద్ది మాత్రమే. వందల పేలుళ్లను వర్గీకరించడానికి ఆధారం ఇంత పలచగా ఉండటం కొంచెం టెన్షన్ పెట్టే విషయమే.

ఇంకో వెలితి తొలి రోజులది. కొన్ని అతిప్రకాశ సూపర్‌నోవాలు అసలు శిఖరానికి ముందు కొద్ది రోజుల పాటు చిన్న గుబ్బలా వెలిగి తగ్గుతాయి. అది పేలుడు తాలూకు షాక్ తరంగం నక్షత్రం చుట్టూ పరుచుకున్న పదార్థాన్ని వేడెక్కించడం వల్ల అయితే, ఆ గుబ్బ అతినీలలోహితంలో అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా ఎక్కువగా కనబడాలి, రోజుల్లోనే చల్లారాలి. మాగ్నెటార్ లోపలి నుంచి వేడి అందిస్తూ ఉంటే చల్లారే తీరు వేరుగా ఉంటుంది. దీన్ని పట్టాలంటే పేలుడు జరిగిందని తెలిశాక తిరిగే ఉపగ్రహం చాలదు, జరిగేటప్పటికే ఆ వైపు చూస్తున్నది కావాలి. యూవిట్ ఒకసారికి చూసే ఆకాశం పున్నమి చంద్రుడంత. ఇజ్రాయెల్ తయారుచేస్తున్న అల్ట్రాశాట్ ఒకేసారి 204 చదరపు డిగ్రీలు, అంటే సుమారు వెయ్యి పున్నమి చంద్రులంత మేర చూస్తుంది. 230 నుంచి 290 నానోమీటర్ల మధ్య, ఐదు నిమిషాలకో చిత్రం చొప్పున తీస్తుంది. ప్రయోగం 2027లో జరపాలని ప్రణాళిక. నాసా అతినీలలోహిత ఉపగ్రహం యూవెక్స్ 2030లో వెళ్లాలి. దానికి వర్ణపటాలు తీసే శక్తి కూడా ఉంటుంది. గుబ్బ వచ్చిన మొదటి రెండు మూడు రోజుల ఉష్ణోగ్రతలు ఓ పాతిక పేలుళ్లకైనా చేతికొస్తే, మూడు మీటలున్న మాగ్నెటార్ నమూనాకు మొదటిసారి నిజమైన పరీక్ష ఎదురవుతుంది.